వేగవంతులు దొరికిన తరువాత చేయవలసిన పని

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా (చదువుకుంటూ కోచ్‌లకు సాయపడేవాడిగా) చేరిన మొదటి నెలలోనే డిఫెన్స్‌కు సంబంధించిన అసలు ప్రశ్న నీకు ఎదురైనందుకు సంతోషించాను. రిసీవర్లను (పాస్ అందుకునేవాళ్లను) మైదానం వెడల్పంతా పరిచి దాడిచేసే స్ప్రెడ్ అఫెన్స్‌ను ఆపాలంటే జట్టంతా వేగంగా పరుగెత్తగలిగితే చాలునని మీవాళ్లలో కొందరు అంటున్నారనీ, వచ్చే ఏడాదికి కుర్రవాళ్లను ఎంచుకునేటప్పుడు 40 గజాల పరుగు సమయాన్నే ముందు చూడాలని పట్టుబడుతున్నారనీ రాశావు. టెక్సాస్ హైస్కూళ్లలో పగలు లెక్కలు చెప్పి, సాయంత్రాలు సేఫ్టీలకు, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనుక నిలబడేవాళ్లకు, ఆట నేర్పుతూ ఇరవై రెండేళ్లు గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసినది చెబుతాను. వేగం లేని జట్టుతో స్ప్రెడ్‌ను ఎదుర్కోవడం కష్టమే. అయితే ఆ వేగం మైదానంలో ఎవరి దగ్గర ఉంది, ఎటువైపు చూసే కళ్లతో ఉంది అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

ముందు మైదానాన్ని ఒక లెక్కగా చూడు. దాని వెడల్పు 160 అడుగులు. ప్రొఫెషనల్ ఆటలో హాష్ మార్కుల (బంతిని వాటి మీదో మధ్యలోనో పెట్టి ఆట మొదలుపెట్టే రెండు గీతల వరుసల) మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలే కాగా, కాలేజీ ఆటలో అది 40 అడుగులు. అందువల్ల బంతి ఒక హాష్ మీద ఉన్నప్పుడు ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు మిగులుతాయి. ఆ 100 అడుగుల మేర ముగ్గురు రిసీవర్లను పరిచి, నీ లైన్‌బ్యాకర్‌ను (ముందు వరుస వెనుక నిలబడే డిఫెండర్‌ను) రన్‌కూ (బంతితో పరుగుకూ) పాస్‌కూ (బంతి విసరడానికీ) నడుమ ఎటూ తేల్చుకోలేని చోట నిలబెట్టడమే స్ప్రెడ్ చేసే పని. జోన్ రీడ్ అనే ఎత్తును తీసుకో. డిఫెన్స్ ముందు వరుస చివర ఉండే డిఫెన్సివ్ ఎండ్‌ను ఎవరూ బ్లాక్ చేయరు (అడ్డుకోరు). దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ అతని భుజాలను మాత్రమే చూస్తూ ఉంటాడు, అవి లోపలికి తిరిగితే బంతిని రన్నింగ్ బ్యాక్‌కు (బంతితో పరుగెత్తేవాడికి) ఇవ్వకుండా తనే ఉంచుకుని బయటికి పరుగెడతాడు. ఆ ఎండ్ రన్నింగ్ బ్యాక్ మీదికి ఎంత వేగంగా ఉరికితే క్వార్టర్‌బ్యాక్‌కు దారి అంత త్వరగా తెరుచుకుంటుంది. నీ దగ్గరున్న వేగాన్నే నీ మీద ప్రయోగించడానికి కనిపెట్టిన ఆట ఇది.

వేగమే ముఖ్యమనేవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయవద్దు, ఎందుకంటే వారి దగ్గర గట్టి సాక్ష్యాలు ఉన్నాయి. 2007 జనవరి 8న గ్లెన్‌డేల్‌లో జరిగిన కాలేజీ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఫ్లోరిడా 41-14తో ఒహైయో స్టేట్‌ను ఓడించింది. ఆ సీజన్‌కు ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న ట్రాయ్ స్మిత్ ఉన్న ఒహైయో స్టేట్‌కు ఆ రాత్రి దక్కినవి మొత్తం 82 గజాలు. 2011 జనవరిలో, దేశంలోనే అత్యధికంగా పాయింట్లు సాధిస్తున్న ఆరెగాన్‌ను ఆబర్న్ 75 రన్ గజాలకు కట్టడి చేసి 22-19తో గెలిచింది. ఈ రెండు ఆటలనూ మళ్లీ పెట్టుకుని చూడు, కానీ బంతిని చూడకు, ముందు వరుసను చూడు. ఫ్లోరిడాకు పని జరిపించింది డెరిక్ హార్వీ, జార్విస్ మాస్ అనే ఇద్దరు ఎండ్లు. ఆబర్న్‌కు నిక్ ఫెయిర్లీ అనే ట్యాకిల్ (ముందు వరుస మధ్యలో ఉండేవాడు). నలుగురే క్వార్టర్‌బ్యాక్ ఊపిరాడకుండా చేయగలిగితే మిగిలిన ఏడుగురూ వెనుక కాపలాకు మిగులుతారు, అప్పుడు 160 అడుగుల వెడల్పు కూడా ఇరుకైపోతుంది. 2021లో జార్జియాకు ఆడిన జోర్డన్ డేవిస్ 341 పౌండ్ల బరువుతో, ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) పరీక్షల్లో 40 గజాలను 4.78 సెకన్లలో పరుగెత్తాడు. జట్టు వేగం అని మీవాళ్లు అంటున్నప్పుడు నీవు అడగవలసినది ఇదే: ఆ వేగం రిసీవర్ల వెంట పడే కార్నర్లలోనేనా, బంతికి ఎదురుగా నేల మీద చేయి ఆనించి కూర్చునే పెద్దవాళ్లలో కూడా ఉందా? మొదటిది డబ్బున్న ప్రతి జట్టుకూ దొరుకుతుంది. రెండోది అరుదు, దాని కోసమే ఎక్కువ వెతకాలి.

ఇక వేగం ఉండీ ఆగని ఆటలు చెబుతాను. 2012 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎమ్ అలబామా సొంత మైదానానికి వెళ్లి, తొలి క్వార్టర్‌లోనే 20-0 చేసి, చివరికి 29-24తో గెలిచింది. మరుసటి సంవత్సరం అలబామా 49-42తో గెలిచినా, ఏ అండ్ ఎమ్ క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ 464 గజాలు పాస్‌తో, 98 గజాలు పరుగుతో సాధించాడు. అలబామాలో నెమ్మదస్థులెవరూ లేరు. అంతకుముందు 2008లో లబ్బాక్‌లో టెక్సస్ టెక్, టెక్సస్‌ను 39-33తో ఓడించినప్పుడు, టెక్ రిసీవర్ మైకేల్ క్రాబ్‌ట్రీ పక్కగీత దగ్గర బంతి అందుకున్న క్షణంలో అతని దరిదాపుల్లో ఇద్దరు డిఫెండర్లు ఉన్నారు, ఇద్దరూ తరువాత ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లినవారే. కార్నర్ చేయి జారింది. క్రాబ్‌ట్రీ గీత తొక్కకుండా లోపలికి తిరిగి, ఒక్క సెకను మిగిలి ఉండగా గోల్ గీత దాటాడు. ఆ ఇద్దరూ బంతి దగ్గరికి చేరడంలో ఆలస్యం చేయలేదు, చేరిన తరువాత అతన్ని పడగొట్టలేకపోయారు.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన ఫిల్మ్ 2012 నవంబరు 17న యూజీన్‌లో స్టాన్‌ఫర్డ్ ఆడిన ఆట. అప్పటికి ఓటమి ఎరుగని ఆరెగాన్ సగటున 50కి పైగా పాయింట్లు సాధిస్తోంది. స్టాన్‌ఫర్డ్‌ను వేగవంతమైన జట్టుగా ఎవరూ లెక్కించలేదు. మొదటి క్వార్టర్‌లో ఆరెగాన్ క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా 77 గజాలు పరుగెత్తాడు, అతని ముందు సొంత జట్టువాడు ఒకడు కూడా ఉన్నాడు. స్టాన్‌ఫర్డ్ సేఫ్టీ డెవన్ కారింగ్టన్ ఆశ వదులుకోకుండా వెంటాడి అతన్ని గోల్ గీతకు ముందే పడగొట్టాడు. ఆ తరువాత ఆరెగాన్ నాలుగో డౌన్‌లో (చివరి ప్రయత్నంలో) కూడా ఆగిపోయి ఒక్క పాయింటు లేకుండా వెనుదిరిగింది. ఆట అదనపు సమయంలో 17-14గా ముగిసింది. ఆ ఆటలో స్టాన్‌ఫర్డ్ ఎండ్లను, లైన్‌బ్యాకర్లను ఒక్కొక్కరిగా గమనించు. బంతి చేతులు మారినట్టు కనిపించినప్పుడు కూడా ఎవరి గ్యాప్‌ను (తాము కాపాడవలసిన సందును) వాళ్లు వదలరు. మన ఊళ్లలో చెడుగుడు ఆడేటప్పుడు కూతకు వచ్చినవాడి వెనుక అందరూ ఎగబడితే గీత తాకి వెళ్లిపోయేవాడు, మూలనున్నవాడు తన చోట నిలిచి దారి మూసినప్పుడే దొరికేవాడు. మీ అమ్మకు ఆ ఆటలు బాగా గుర్తుంటాయి, అడుగు.

వేగం మీదే ఆధారపడకుండా నడిపించిన మరో రెండు పద్ధతులు కూడా నీవు చదువుకోవాలి. కోచ్ జాన్ హేకాక్ అయోవా స్టేట్‌లో ముగ్గురు సేఫ్టీలను లోతుగా నిలబెట్టి, ముందు ముగ్గురితోనే ఒత్తిడి తెచ్చే డిఫెన్స్ నిర్మించాడు. 2017లో ఆ జట్టు నార్మన్ వెళ్లి క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ ఉన్న ఓక్లహోమాను 38-31తో ఓడించింది. 2019లో క్వార్టర్‌బ్యాక్ జో బరో నడిపిన ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) ఆటకు సగటున 48కి పైగా పాయింట్లు సాధిస్తే, ముగ్గురితోనే ఒత్తిడి తెచ్చి ఎనిమిది మందిని వెనక్కి పంపిన ఆబర్న్ మీద 23 మాత్రమే సాధించింది. గెలిచింది ఎల్ఎస్‌యూనే, కానీ ఆ సీజన్‌లో వాళ్ల అతి తక్కువ స్కోరు అదే.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక సంవత్సరం ట్రాక్ జట్టులోని అందరికంటే వేగమైన కుర్రవాణ్ణి తెచ్చి సేఫ్టీగా నిలబెట్టాను. మొదటి ఆటలో ఎదుటి క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ కడుపు దాకా చూపించాడు. మావాడు మూడడుగులు ముందుకు దూకాడు, ఎంత వేగంగా దూకాడంటే నేను పక్కగీత దగ్గర చప్పట్లు కొట్టబోయాను. అంతలో బంతి అతని తల మీదుగా వెళ్లిపోయింది. రాత్రి ఇంట్లో ఫిల్మ్ ఆపి ఆపి లెక్కకట్టాను. పూర్తి వేగంలో ఉన్నవాడు సెకనుకు దాదాపు 10 గజాలు కదులుతాడు కనుక, 40 గజాల పరుగులో సెకనులో పదో వంతు తేడా అంటే ఒక గజం. మావాడు ముందుకు వేసిన మూడడుగులు, మళ్లీ వెనక్కి తిరగడానికి పట్టిన సమయం కలిపితే, అతని వేగం సంపాదించి పెట్టిన ఆ గజానికి అనేక రెట్లు పోయాయి. ఆ కుర్రవాణ్ణి నేను కోప్పడ్డాను. కోప్పడవలసింది అతన్ని కాదు. రిసీవర్ నడుమును చూడాలా, గార్డు (ఎదుటి ముందు వరుసవాడి) కదలికను చూడాలా అన్నది నేను అతనికి నేర్పనే లేదు.

కనుక నీ పని ఇలా మొదలుపెట్టు. స్నాప్ (బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు అందించి ఆట మొదలుపెట్టడం) జరిగిన తరువాత ప్రతి సేఫ్టీ, ప్రతి లైన్‌బ్యాకర్ వేసే మొదటి రెండడుగులను విడిగా రాసుకో. వాటిలో తప్పుడు దిశలో పడినవి ఎన్ని అన్నది పరుగు సమయం పక్కనే ఇంకో గడిలో వేసి మీవాళ్ల ముందు పెట్టు. కుర్రవాళ్లను ఎంచుకునేటప్పుడు ఒంటరిగా నిలబడి, ఖాళీ చోట ఎదుటివాణ్ణి పడగొట్టిన సందర్భాలు వెతుకు. స్ప్రెడ్ మీద ఆడేవాడికి వారం వారం ఎదురయ్యేది అదే పరీక్ష. పరుగు బాగా ఉన్నవాణ్ణి ఒక వరుస ముందుకు జరపడం కూడా నేర్చుకో. గ్యారీ ప్యాటర్సన్ టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కోచ్‌గా ఉన్నప్పుడు ఈ పనిలో దిట్ట, హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్ అయిన జెర్రీ హ్యూస్ అక్కడ డిఫెన్సివ్ ఎండ్‌గా మారి 2010లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో ఎంపికయ్యాడు.

అలసట సంగతి కూడా మరచిపోవద్దు. ఎదుటివాళ్లు ఆటగాళ్లను మార్చకుండా వెంటవెంటనే స్నాప్ చేస్తుంటే నీకు మార్చుకునే వీలు ఉండదు, మొదటి క్వార్టర్‌లో 4.5 సెకన్లవాడు నాలుగో క్వార్టర్‌లో ఆ మనిషే కాదు. అందుకని ప్రాక్టీసులో చివరి ఇరవై నిమిషాలు, అందరూ నడుము మీద చేతులు పెట్టుకుని వంగిపోయిన వేళ, మళ్లీ జోన్ రీడ్ నడిపించి ఎవరి కళ్లు ఎటు పోతున్నాయో చూడు.

మీ మొదటి ప్రాక్టీసు ఫిల్మ్ రాగానే వెడల్పు ఎక్కువున్న పక్కన నిలబడే సేఫ్టీవి ఇరవై స్నాపులు నాకు పంపు. వెనుక ఎత్తు నుంచి తీసినవే కావాలి, పక్కనుంచి తీసినవి వద్దు. ఆదివారం ఉదయం ఇద్దరం ఫోనులో కూర్చుని ఒక్కొక్కటిగా చూద్దాం.

మీ మామయ్య