పాత ఇంగ్లిష్ హాస్టల్ కథల్లో ప్రతిసారీ ఒక కజిన్ ఎందుకు దిగుతుంది?

మీ పాప ఎనిడ్ బ్లైటన్ పుస్తకాలు వరసపెట్టి చదువుతోందనీ, "ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు వేరే స్కూల్ నుంచి వస్తారు, లేదంటే ఎవరి కజినో దిగుతుంది, ఎందుకమ్మా?" అని అడుగుతోందనీ రాశారు. ఈ విషయంలో నాకు పుస్తకాల అనుభవమూ ఉంది, సొంత అనుభవమూ ఉంది. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

స్కూల్ మారడం సంగతి సులువే. కొత్తగా వచ్చిన పిల్లకి అక్కడి సంగతులు ఏవీ తెలియవు, మనకీ తెలియవు. ఆ పిల్లకి చెబుతున్నట్టే చెప్పి రచయిత్రి మనకి డార్మిటరీ, ప్రెప్ (సాయంత్రం కూర్చుని చదువుకునే గంట), అర్ధరాత్రి విందులు అన్నీ పరిచయం చేసేస్తుంది. ప్రతి టర్మ్‌కీ కొత్త పిల్ల కావాలి కాబట్టి ఏదో ఒక కారణం వెతుక్కోవాలి. బ్లైటన్ రాసిన మాలరీ టవర్స్ కథల్లో మోరీన్ చదివిన స్కూల్ మూతపడుతుంది. అమాండా చదివిన స్కూలైతే ఏకంగా తగలబడిపోతుంది. ఆరు పుస్తకాల్లో రెండు స్కూళ్లు గల్లంతు!

కానీ బ్లైటన్‌దే ఇంకో హాస్టల్ కథల వరస, సెయింట్ క్లేర్స్, మొదటి పుస్తకంలో (1941) మార్పు అలాంటిది కాదు. పాట్, ఇసబెల్ కవలలు. పాత స్కూల్లో పెత్తనమంతా వాళ్లదే. స్నేహితులు ఖరీదైన వేరే స్కూల్‌కి వెళుతుంటే వీళ్లని అమ్మానాన్నలు సెయింట్ క్లేర్స్‌లో పడేస్తారు. అక్కడ వీళ్లు అందరికన్నా చిన్న తరగతి. ఆటల కెప్టెన్ వచ్చి బూట్లు తుడవమంటే పాట్ ససేమిరా అంటుంది. ఆ బూట్ల గొడవ చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే నాకూ అదే జరిగింది. బూట్లు కాదు, బకెట్లు.

ఎనిమిదో తరగతికి నన్ను కర్నూలు నుంచి హైదరాబాద్‌లో ఒక హాస్టల్ స్కూల్‌కి మార్చారు. కర్నూల్లో నేను క్లాస్ లీడర్ని, ఎప్పుడూ ఫస్ట్. ఇక్కడ పొద్దున్నే పెద్ద క్లాసు అక్కలకి వేడినీళ్ల బకెట్లు మోయాలి. "మీ పెదనాన్న కూతురు అక్కడే ఉందిగా, నీకేం భయం" అని నాన్న ధైర్యం చెప్పి పంపారు. తను నాకన్నా ఎనిమిది నెలలు పెద్ద, అదే క్లాసు. ఇంట్లో అక్కా అనే పిలిచేదాన్ని. వేసవి సెలవులన్నీ ఒకే చాప మీద పడుకున్నవాళ్లం.

మొదటి రోజు హాజరు పిలుస్తూ టీచర్ ఆగారు. ఒకే ఇంటిపేరు, పక్కపక్క నంబర్లు. "మీరిద్దరూ సిస్టర్సా?" అన్నారు. అక్క లేచి, నా వైపు చూడకుండా, "నో మిస్, కజిన్" అంది.

ఆ మాట నా గురించి ఎవరైనా అనడం అదే మొదటిసారి. తప్పేమీ లేదు, ఇంగ్లిష్‌లో అదే మాట మరి. కానీ నూనె కారుతున్న రెండు జడలతో, తెల్ల పెయింట్‌తో పేరు రాసిన ట్రంకుపెట్టెతో నిలబడిన నన్ను తను ఎంత దూరం జరిపేసిందో ఆ ఒక్క మాటలో తెలిసింది. వారం రోజులు మెస్‌లో నా పక్కన కూర్చోలేదు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి మాత్రం రాత్రిపూట వచ్చి వేయించుకునేది.

ఆ తర్వాత ఎప్పుడో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెయింట్ క్లేర్స్ రెండో పుస్తకం దొరికింది. అందులో కవలల కజిన్ ఆలిసన్ వచ్చి చేరుతుంది. అద్దం, జుట్టు, టెక్కు తప్ప ఇంకో ధ్యాస లేని పిల్ల. కవలలకి ఆమెని చూస్తే చిరాకు. ఎందుకు? ఒక్క టర్మ్ కిందట వీళ్లూ అలాగే ముక్కు పైకెత్తుకుని దిగారు కాబట్టి. తాము దాటొచ్చిన అవతారం కళ్లెదురుగా మళ్లీ నడుస్తోంది, అదీ తమ ఇంటిపేరుతోనే. కజిన్‌ని తేవడంలో కిటుకు ఇదే అని నా అభిప్రాయం. స్నేహితురాలైతే కటీఫ్ చెప్పేయొచ్చు. సొంత చెల్లెలైతే వెనకేసుకు రావాలి. కజిన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది: వదిలించుకోలేం, పూర్తిగా మనదీ అనలేం. మా అక్క అవస్థ కూడా అదేనని అప్పుడు అర్థమైంది. తనూ ఏడాది కిందట రెండు జడలతోనే వచ్చిందట.

మరుసటి ఏడు మా పిన్ని కూతురు అదే హాస్టల్లో చేరింది. ఎవరే ఆ పిల్ల అని నా స్నేహితురాలు అడిగితే నేనేమన్నానో చెప్పక్కర్లేదు.

మీ పాపకి ఇంకో తమాషా చూపించండి. ఇంగ్లిష్‌లో కజిన్ అంటే సరిపోతుంది, మనకి సరిపోదు. ఆలిసన్‌ది కవలల ఇంటిపేరే కాబట్టి మన లెక్కన బాబాయి కూతురో పెదనాన్న కూతురో, అంటే చెల్లెలి వరస. ఎలినార్ బ్రెంట్-డయర్ రాసిన షాలే స్కూల్ పుస్తకాల్లో ఈ చుట్టరికాలు అక్షరాలా మహాభారతమే. మ్యాడ్జ్, డిక్, జో అని ముగ్గురు తోబుట్టువులు. డిక్ మన దేశంలోనే అటవీ శాఖలో ఉద్యోగం చేస్తుంటాడు, పిల్లల్ని మ్యాడ్జ్ దగ్గర పెంచడానికి పంపిస్తాడు. అంటే వాళ్లు మేనత్త ఇంట్లో పెరుగుతున్నారన్నమాట. డిక్ కూతురు పెగ్గీ, మ్యాడ్జ్ కూతురు సిబిల్ మనకి వదినా మరదళ్లు. జో కూతుళ్లకి మాత్రం అదే సిబిల్ పెద్దమ్మ కూతురు, అక్క. గెర్న్సీ ద్వీపం నుంచి మరో మూడు కుటుంబాల పిల్లలు వస్తారు, వాళ్ల తల్లులు ముగ్గురూ అక్కచెల్లెళ్లు. నేనైతే కాగితం మీద వంశవృక్షం గీసుకున్నాను. కజిన్, కజిన్ అని చదివినంతసేపూ కలగాపులగంగా ఉన్నది, వరసలు వేసుకోగానే చక్కబడింది.

మాలరీ టవర్స్‌లో జూన్ అనే కజిన్ పిల్ల సంగతి వేరు. అక్కడ అవసరం ఎక్కువ. ఆ ఆరు పుస్తకాలూ 1946 నుంచి 1951 దాకా ఏడాదికొకటి వచ్చాయి, కథానాయిక డారెల్ పెద్దదైపోతోంది, కింది క్లాసులో అల్లరి చెయ్యడానికి ఎవరైనా కావాలి. డారెల్ చెల్లెలు ఫెలిసిటీ, డారెల్ క్లాసులోనే ఉన్న అలీసియా కజిన్ జూన్ అలా వస్తారు. జూన్ గడుసుది. దాని మాటలకి ఒళ్లు తెలియని కోపం వచ్చి డారెల్ దాన్ని పట్టుకుని కుదిపేస్తుంది, దాంతో తన క్లాసు హెడ్ గర్ల్ పదవి పోగొట్టుకుంటుంది. చివరి పుస్తకంలో సముద్రంలో చిక్కుకున్న అమాండాని కాపాడేది ఆ జూనే. నాకు ఆలిసన్ కన్నా జూనే ఇష్టం. ఆలిసన్ ప్రతి టర్మ్‌లోనూ ఎవరో ఒక గొప్పింటి పిల్ల వెనకో, అందమైన టీచర్ వెనకో తిరుగుతూనే ఉంటుంది.

స్కూల్ మారడం అనే మాటకొస్తే అన్నిటికన్నా పెద్ద మార్పు షాలే స్కూల్‌దే. అక్కడ పిల్ల కాదు, స్కూలే మారుతుంది. ఆస్ట్రియా కొండల్లో సరస్సు పక్కన నడుస్తున్న స్కూల్ 1938లో నాజీలు ఆ దేశాన్ని కలిపేసుకోవడంతో ఎత్తేయాల్సి వస్తుంది. 1940లో వచ్చిన పుస్తకంలో ఒక ముసలి యూదు నగల వ్యాపారిని గుంపు వెంటాడుతుంటే జో, కొందరు అమ్మాయిలు అడ్డం నిలబడతారు. ఆ తర్వాత పారిపోవడమే. పిల్లల పుస్తకంలో, అదీ యుద్ధం నడుస్తుండగానే ఈ సంగతి రాయడం మామూలు ధైర్యం కాదు. రచయిత్రి స్కూల్‌ని గెర్న్సీకి మార్చింది. తీరా చూస్తే అదే ఏడాది జర్మన్లు గెర్న్సీని కూడా పట్టుకున్నారు. పాపం, మళ్లీ మూటాముల్లె సర్దించి బ్రిటన్‌కి తీసుకెళ్లింది. చాలా ఏళ్లకి గానీ ఆ స్కూల్ మళ్లీ కొండల్లోకి, స్విట్జర్లాండ్‌కి, చేరలేదు.

పాప వయసుకి సెయింట్ క్లేర్స్ అయ్యాక షాలే స్కూల్ మొదటిది (1925) ఇవ్వండి. పాత పుస్తకాల షాపుల్లో ఎక్కువగా దొరికేవి అర్మడా పేపర్‌బ్యాక్‌లు. వాటిలో చాలావాటిలో కోతలు పడ్డాయి, పోయేవి ముఖ్యంగా చిన్న చిన్న సన్నివేశాలూ చుట్టాల సంగతులే. గర్ల్స్ గాన్ బై అనే ప్రచురణ సంస్థ వాళ్లు పూర్తి పాఠం మళ్లీ వేశారు, కాకపోతే ధర కాస్త ఎక్కువ. వంశవృక్షానికి ఒక పెద్ద కాగితం పక్కన పెట్టుకోమనండి.