ప్యాంక్రియాస్ సర్జన్ అవుతానంటున్న మా జూనియర్‌కి

అమ్మా,

నీ మెయిల్ చూశా. ప్యాంక్రియాస్ క్యాన్సర్ సర్జరీయే చేస్తా, రీసెర్చ్ కూడా వదలను అన్నావు, బానే ఉంది. కానీ మెయిల్‌లో సగం విప్పుల్ ఆపరేషన్ (ప్యాంక్రియాస్ తలభాగాన్ని పక్కనున్న పేగు ముక్కతో కలిపి తీసేసి, మిగిలింది పేగుకి కుట్టడం) సొంతంగా చెయ్యడం ఎప్పటికొస్తుంది అన్న బెంగే. కేసులు ఉన్నచోట ఉంటే చెయ్యి అదే తిరుగుతుంది, అందుకే ఫెలోషిప్ ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు చూసి పడిపోకుండా ఏడాదికి ఎన్ని రిసెక్షన్లు (గడ్డున్న భాగాన్ని కోసి తీసే ఆపరేషన్లు), అందులో ఫెలో చేతికి ఎన్ని ఇస్తారు అని మొహమాటం లేకుండా అడుగు. 2002లో అమెరికాలో మెడికేర్ (పెద్దవయసువాళ్లకి ప్రభుత్వ ఇన్సూరెన్స్) పేషెంట్ల లెక్కలు తీస్తే, ఈ ఆపరేషన్లు చాలా తక్కువ చేసే హాస్పిటళ్లలో 16 శాతం పైన చనిపోయారు, బాగా ఎక్కువ చేసేచోట 4 శాతం లోపే.

ఆ తేడా అంతా సర్జన్ చేతిదే అనుకుంటే పొరపాటు, చాలావరకు వార్డుది. మెత్తటి ప్యాంక్రియాస్‌కి కుట్లు వెయ్యడమంటే తడిసిన కాగితాన్ని కుట్టడమే, ఎంత గొప్పోడు కుట్టినా కొన్ని లీకవుతాయి. లీకయ్యాక ఎవరు ఎంత తొందరగా పట్టుకున్నారు అన్నదే ప్రాణం. డ్రెయిన్‌లో (కడుపులోంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టంలో) రంగు మారింది, పల్స్ కొంచెం పెరిగింది, పేషెంట్ ఎందుకో బాలేడు అని నర్సు అంటే ఆ మాట కొట్టిపారెయ్యకు, సీటీ తీయించు. నెదర్లాండ్స్‌లో ఈ సర్జరీ చేసే 17 సెంటర్లలోనూ ఒక ట్రయల్ చేశారు, 2022లో వచ్చింది, అందులో కొత్త కుట్టూ లేదు కొత్త మెషీనూ లేదు, రోజూ ఇవి చూడండి, ఇలా ఉంటే సీటీ, ఇలా ఉంటే డ్రెయిన్, యాంటీబయాటిక్ అని ఒక పద్ధతి, అంతే. 90 రోజుల్లో మరణాలు 5 శాతం నుంచి 3కి తగ్గాయి.

నీ రీసెర్చ్ ప్రశ్న ఎక్కడుందో అర్థమైందా? నీ రౌండ్స్‌లోనే ఉంది. ఫిస్టులా, అంటే పైన చెప్పిన ఆ లీకు, అంటే ఏంటో సర్జన్లంతా ఒకే నిర్వచనానికి వచ్చిందే 2005లో, అంతకుముందు ఎవరి లెక్క వాళ్లది, ఒకరి రిజల్ట్స్ ఇంకొకరితో పోల్చడానికి లేదు. అలాంటి విసుగు పుట్టించే పనులే ఈ ఫీల్డ్‌ని నడిపించాయి. కేఆర్ఏఎస్ (ఈ క్యాన్సర్‌లో ఎక్కువగా మారిపోయే జీన్) మ్యుటేషన్ మీద ల్యాబ్‌లో పని చెయ్యాలనుంటే చెయ్యి, వద్దనను, కానీ వారంలో ఎన్ని రోజులు రీసెర్చ్‌కి అన్నది సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకో, నోటిమాటగా ఇచ్చిన టైమ్‌ని ఎమర్జెన్సీ కేసులు మింగేస్తాయి.

అన్నట్టు కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే లాప్రోస్కోపిక్ సర్జరీ) అంటే మోజుపడుతున్నావుగా. ఆ నెదర్లాండ్స్‌లోనే ఓపెన్ విప్పుల్‌కీ లాప్రోస్కోపిక్‌కీ పోటీపెట్టిన ట్రయల్‌ని, లాప్రోస్కోపిక్ వైపు మరణాలు ఎక్కువ కనబడేసరికి మధ్యలోనే ఆపేశారు, ఆపి దాచకుండా 2019లో పేపర్ కూడా వేశారు. నాకైతే వాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఇంకోటి, నీ ఓపీలో ఎక్కువసార్లు చెప్పాల్సిన మాట "ఆపరేషన్ కుదరదు" అనే. కనుక్కునేటప్పటికే గట్టిగా 15-20 శాతం మందికే సర్జరీ వీలవుతుంది. ఆ మాట కుర్చీలో కూర్చుని, ఇంట్లోవాళ్లని కూడా కూర్చోబెట్టి చెప్పు, రెసిడెంట్‌కి వదలకు. ఆంకాలజిస్టులతో సఖ్యంగా ఉండు, ట్యూమర్ బోర్డు (అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కేసులు చర్చించే మీటింగ్) ఎగ్గొట్టకు. 2018లో ఆపరేషన్ అయినవాళ్లకి మోడిఫైడ్ ఫోల్ఫిరినాక్స్ (కొన్ని మందులు కలిపిన కీమో) ఇస్తే మీడియన్ సర్వైవల్, అంటే సగంమంది దాటిన కాలం, 54 నెలలు వచ్చింది, జెమ్‌సిటబిన్ అనే ఒక్క మందు కీమోతో 35. ఆ తేడా తెచ్చింది మన కత్తి కాదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని చెప్తా. నువ్వు అసిస్ట్ చేసిన ప్రతి కేసుకీ ప్యాంక్రియాస్ మెత్తగా ఉందా గట్టిగా ఉందా, డక్ట్ (ప్యాంక్రియాస్ లోపలి నాళం) సైజెంత, మూడోరోజు డ్రెయిన్ అమైలేస్ (లీకుంటే పెరిగే ప్యాంక్రియాస్ ఎంజైమ్) ఎంత, 90వ రోజుకి పేషెంట్ ఎలా ఉన్నాడు, ఇవి ఎథిక్స్ కమిటీ పర్మిషన్‌తో ఒక షీట్‌లో ఎక్కించడం మొదలుపెట్టు, పేర్లు లేకుండా. ఇంటర్వ్యూలకి వెళ్లేముందు ఏ హాస్పిటళ్లు అనుకుంటున్నావో ఆ లిస్టు పంపు, ఎక్కడ ఏం అడగాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.