పడుకుంటే పెరిగి, పనిలో పడితే తగ్గే నడుము నొప్పి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పని చేస్తాను. సొంతూరు కనిగిరి దగ్గర పల్లె. మూడేళ్లుగా నడుము నొప్పి. పొద్దున మంచం దిగాలంటే పక్కకు దొర్లి గోడ పట్టుకుని లేవాలి. నడుము సాగడానికి గంట పైనే పడుతుంది. పనిలోకి వెళ్లాక నయం. ఆదివారం ఇంట్లో పడుకుంటే ఇంకా ఎక్కువ. ఎంఆర్‌ఐలో డిస్కు బల్జ్ అయిందన్నారు, ఆపరేషన్ మాట కూడా వచ్చింది. రక్తపరీక్షలో సీఆర్‌పీ 28 ఉంది. ఒంట్లో వాపు ఉందన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుంటే పది రోజులు హాయి, మళ్లీ మామూలే. పోయినేడాది ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయాను. ఇంట్లో గేదెలున్నాయి. మా నాన్న నడుము కూడా వంగిపోయింది, నీళ్ల వల్ల అంటారు. అసలు నాకేమైంది?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ముందు ఆపరేషన్ మాట పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఆదివారం గురించి రాసింది. బరువులెత్తడం వల్ల వచ్చే నడుము నొప్పి పనిచేస్తే పెరుగుతుంది, నడుం వాలిస్తే తగ్గుతుంది. మీది దానికి పూర్తిగా ఎదురు. 40 ఏళ్లలోపు మొదలై, మెల్లమెల్లగా ముదిరి, పొద్దున అరగంటకు మించి పట్టేసి, కదిలేకొద్దీ సడలే నొప్పిని మేము వాపు వల్ల వచ్చే నడుము నొప్పిగా అనుమానిస్తాం. దాని వెనక తరచూ ఉండేది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను వాతం. మన రోగనిరోధక శక్తే వెన్ను కీళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. ఉత్తరం చూసి జబ్బు ఇదేనని తేల్చలేను. అయితే ఇన్ని గుర్తులు ఒకేచోట ఉన్నప్పుడు దీన్ని వెతక్కుండా వదలకూడదు.

మరి డిస్కు బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం సంగతి? ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లకు ఎంఆర్‌ఐ తీసినా 100 మందిలో దాదాపు 30 మందికి బల్జ్ కనపడుతుంది. కాలులోకి లాగే నొప్పి, తిమ్మిరి మీరు రాయలేదు. కాబట్టి ఆ బల్జే దోషి అనుకోవడానికి ఆధారం తక్కువ. అసలు మీకు తీసింది నడుము ఎంఆర్‌ఐ. ఈ జబ్బు మొదలయ్యేది ఇంకాస్త కింద, పిరుదుల పైభాగంలో వెన్ను తుంటి ఎముకతో కలిసే రెండు కీళ్ల దగ్గర. వాటిని సాక్రోఇలియాక్ కీళ్లంటారు. ఈసారి చీటీ మీద ‘సాక్రోఇలియాక్ జాయింట్స్ ఎంఆర్‌ఐ, స్టిర్ ఫిల్ములతో’ అని డాక్టరు చేత రాయించుకోండి. మామూలుగా దీనికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. ముందుగా తుంటి ఎక్స్‌రే తీస్తారు. అది బాగుందని రిపోర్టు వచ్చినా నిశ్చింతగా ఉండకండి. ఎముకలో మార్పు ఎక్స్‌రేకి అందాలంటే ఏళ్లు పడుతుంది, స్టిర్ ఫిల్ములో వాపు అంతకు చాలా ముందే తెల్లగా కనపడుతుంది.

హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు ఉందో లేదో చూసే రక్తపరీక్ష కూడా రాస్తారు. అది పాజిటివ్ అని చూసి హడలిపోయి వచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాను. ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జన్మలో ఈ జబ్బు రాదు. అది లేనివాళ్లకూ రావచ్చు. మిగతా గుర్తులతో కలిపి చూస్తేనే దానికి విలువ. సీఆర్‌పీ కూడా అంతే. సాధారణంగా 5, 6 లోపు ఉండాల్సింది మీకు 28 ఉంది, అంటే ఒంట్లో వాపు ఉన్నట్టే. ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో ఆ అంకె చెప్పదు. కొందరికి వెన్ను వాతం ముదురుతున్నా సీఆర్‌పీ మామూలుగానే ఉంటుంది.

మీ కన్ను ఎర్రబడటాన్ని కళ్లకలకగా కొట్టిపారేయకండి. ఒక్క కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం... ఇవి కంటి లోపలి పొర వాపు గుర్తులు. వెన్ను వాతం ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇలా వస్తుంది. మళ్లీ వస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి, ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.

మన ప్రాంతంలో ఇంకో మూడు కారణాలు చూడకుండా వదలను. ఒకటి క్షయ. వెన్నుపూసలోనూ వస్తుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వెన్ను మీద ఒకేచోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ముందు దాన్నే వెతకాలి. రెండోది గేదెలున్న ఇళ్లలో బ్రూసెల్లా, పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా జబ్బు. కాచని పాలు తాగినా, ఈనేటప్పుడు ఉత్త చేతులతో మాయ తీసినా సోకుతుంది. ఇదీ సరిగ్గా ఆ సాక్రోఇలియాక్ కీళ్లనే పట్టుకుంటుంది, ఎక్కువగా ఒకవైపే. వచ్చి పోయే జ్వరం, చెమటలు ఉన్నాయేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బు ఇది. మూడోది ఫ్లోరైడ్, దాని గురించి చివర్లో చెబుతాను.

ఇంట్లోనే చూసుకోగలిగింది ఒకటుంది. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడి, గడ్డం పైకెత్తకుండా తల వెనక భాగం గోడకు తాకుతుందో లేదో చూడండి. తాకకపోతే, ఎన్ని వేళ్లు పట్టేంత సందు ఉందో మీ ఇంట్లోవాళ్లను కొలవమనండి. ఆ లెక్క రాసుకుని డాక్టరుకు చూపించండి.

ఊళ్లో వేయించుకుంటున్న ఇంజెక్షన్ ఏమిటో కనుక్కోండి. చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. పది రోజుల హాయి ఇచ్చి, ఎముకలను గుల్లచేసి, షుగరు పెంచి, లోపల క్షయ ఉంటే దాన్ని రెచ్చగొడుతుంది. మీ వయసు వాళ్లు ఇలా వాడి వాడి తుంటి ఎముక పాడై వస్తుంటే గుండె తరుక్కుపోతుంది. దయచేసి ఇంకొకటి వేయించుకోకండి. అయితే ఇప్పటికే తరచూ వేయించుకుని ఉంటే, ఎప్పుడెప్పుడు, ఎన్ని అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పండి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే నీరసం, బీపీ పడిపోవడం లాంటివి రావచ్చు.

జబ్బు ఇదేనని తేలితే మొదటి మందు నొప్పి మాత్రలే. కాకపోతే కిడ్నీ, బీపీ చూసుకుని, సరైన మోతాదులో, క్రమం తప్పకుండా రెండు నుంచి నాలుగు వారాలు డాక్టరు పర్యవేక్షణలో వాడాలి. ఒకటి రెండు రోజుల్లోనే బాగా తేలికపడితే అదీ ఒక ఆధారమే. రోజూ వెన్ను సాగదీసే వ్యాయామం మందుతో సమానం. సిగరెట్, బీడీ మానాలి. వీటితో లొంగకపోతే రోగనిరోధక శక్తి దాడిని అణిచే బయోలాజికల్ ఇంజెక్షన్లు ఉన్నాయి, క్షయ లేదని పరీక్షించాకే మొదలుపెడతారు. మీరు చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం జబ్బుల డాక్టరుకు. దగ్గర్లో దొరక్కపోతే హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఈలోగా కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మీ నాన్నగారు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను కర్రలా బిగుసుకుని వంగిపోతుంది. వెన్ను వాతం ముదిరినా మనిషి అలాగే వంగిపోతాడు, అదీ తండ్రి నుంచి కొడుకుకు రాగల జబ్బు. పైకి చూసి రెండింటినీ విడదీయడం కష్టం. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడటం ఫ్లోరైడ్ వైపు చూపిస్తాయి. ఇన్నేళ్లూ నీళ్ల మీదకు నెట్టిన ఆయన నడుము మీ జబ్బుకు కూడా ఆచూకీ ఇవ్వవచ్చు. రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లేరోజు ఆయన్ను కూడా వెంటబెట్టుకు వెళ్లి, ముంజేయి, తుంటి ఎక్స్‌రేలు తీయించండి. మీ పాత ఎంఆర్‌ఐ రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా మరిచిపోకండి.