చెయ్యి ముందు, మాట తర్వాత

చిత్తూరు

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. వేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టొచ్చు కదా తిరుపతి గంగ జాతరలో, అక్కడ బండ వేషం కట్టిన కుర్రాడు ఒళ్లంతా కుంకుమతో తాతయ్యగుంట వీధిలోకి వచ్చి, తన తండ్రిని కోర్టుల చుట్టూ తిప్పిన వడ్డీ వ్యాపారిని బూతులు తిట్టే చోటుందే, అక్కడ నా ఒళ్లు జలదరించింది. ఆ వెనకే వచ్చిన వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. ‘అతని అమిగ్డాలా భగ్గుమంది, మెదడులో డోపమైన్ ఉప్పొంగింది’ అని రాశావు. భయం, కోపం రేపే మెదడు ముక్క పేరొకటి, మెదడులో ఊరే రసాయనం పేరొకటి.

మెదడు గురించి చదువుతున్నానని ఉత్తరంలో చెప్పావు. సంతోషం, బాగా చదువు. అయితే అందులోంచి కథలోకి పేర్లు మోసుకురావద్దు. వరస తెచ్చుకో. ఒంట్లో ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస.

నీ రెండో పేజీనే తీసుకుందాం. అలిపిరి దగ్గర టిఫినంగడిలో కుర్రాడి చెయ్యి పెనానికి తగులుతుంది. ‘నొప్పి పుట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు’ అన్నావు. అట్లా జరగదు. కాలిన కబురు వెన్నుపాముకు చేరగానే అక్కడి నుంచే కండరాలకు ఆజ్ఞ వెళ్తుంది, చెయ్యి లేచిపోతుంది. అదే కబురు పైకి మెదడుదాకా పోయి ‘అమ్మో’ అనిపించేది ఆ తర్వాత. ఆ నొప్పి కూడా ఒకేసారి రాదు. ముందు చురుక్కుమంటుంది, కాసేపాగి మంట మొదలవుతుంది. మంటను మోసే సన్నటి నరపోగులకు పైన తొడుగుండదు, అందుకే అవి సెకనుకు ఇంచుమించు 1 మీటరు చొప్పున నింపాదిగా నడుస్తాయి. నమ్మకపోతే పొద్దున్నే ఏదో ఒక హోటల్లో దోసెల మాస్టరు ఎదురుగా నిలబడు. చెయ్యి తీసేస్తాడు, ‘స్స్’ అంటాడు, వేళ్లు దులుపుకుంటాడు, ఆఖరున పక్కనున్న కుర్రాణ్ణి తిడతాడు: ‘అడ్డమొస్తివి కదరా!’ ఆ కుర్రాడు నిజానికి రెండడుగుల దూరంలో ఉంటాడు.

నాకు కావలసింది ఆ ఆఖరి తిట్టు. కారణం ఎప్పుడూ వెనకొస్తుంది, వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది.

1970లలో అమెరికాలో మైఖేల్ గజానిగా అనే శాస్త్రవేత్త, మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాల మధ్య వంతెనను కోయించుకున్న రోగులను పరీక్షించాడు. ఒకతనికి ఎడమ మెదడు మాత్రమే చూసేలా కోడికాలు బొమ్మ, కుడి మెదడు మాత్రమే చూసేలా మంచు కప్పిన ఇల్లు చూపించారు. వాటికి సరిపోయే బొమ్మలు ఎంచుకోమంటే ఎడమ మెదడు నడిపే కుడిచెయ్యి కోడిని చూపింది, కుడి మెదడు నడిపే ఎడమచెయ్యి పారను చూపింది. మంచు ఎత్తిపోయడానికి పార, సరిగ్గానే ఉంది. పార ఎందుకయ్యా అని అడిగారు. మాట్లాడేది ఎడమ మెదడు, దానికి మంచు సంగతే తెలియదు. తెలియదని ఒప్పుకుందా? కోళ్లగూడు శుభ్రం చెయ్యాలంటే పార కావాలి కదా అని తడుముకోకుండా చెప్పేసింది. అది అబద్ధమని దానికే తెలియదు. కథలల్లే మన వృత్తివాడు ఒకడు ప్రతి తలకాయలోనూ కూర్చుని ఉన్నాడన్నమాట.

ఇదంతా నీకు నీతులు చెప్పడానికి రాయడం లేదు. నేనే ఒకసారి కోళ్లగూడు కథ రాశాను, అచ్చు కూడా వేయించుకున్నాను.

మా మేనమామకు ఇక్కడ బెల్లం మండీ ఉండేది. రైతు సరుకు దించగానే ముద్ద అంచు గిల్లి, వేళ్లమధ్య నలిపి, నాలిక కొసకు తాకించి, ‘ఉప్పుచవ తగల్తా ఉందే సామీ, యాడ నీళ్లు పారిస్తివి?’ అనేవాడు. అని తుపుక్కున ఉమ్మేసేవాడు. నలభై ఏళ్లు బెల్లం మధ్య కూర్చుని కాఫీ కూడా చప్పగా తాగిన మనిషి. యాభై ఎనిమిదో ఏట ముద్దలకు ముద్దలు తినడం మొదలుపెట్టాడు. చొక్కా జేబు జిగటపట్టి, చీమలు మెడదాకా పాకుతున్నా దులుపుకునేవాడు కాదు. కాటా దగ్గర రైతులను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. అత్త పోయిన రోజు, ఆమెనింకా చాపమీద పడుకోబెట్టి ఉండగానే, ‘ఇడ్లీ ఏమాయె?’ అని అడిగాడు. తెస్తే అక్కడే కూర్చుని తిన్నాడు.

డబ్బు మదమని ఊరంతా అంది. నేనూ అన్నాను, అని ఊరుకోకుండా కథ రాశాను. భార్య శవం పక్కన ఇడ్లీ తినే షావుకారు. ఒక వారపత్రిక వేసుకుంది, బాగుందని ఉత్తరాలొచ్చాయి.

రెండేళ్లకు రాయవేలూరు తీసుకుపోయి స్కానింగ్ చేయిస్తే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అన్నారు. అంతకుముందు చూసిన డాక్టరు నిద్రమాత్రలిచ్చి పంపేశాడు. ఈ జబ్బులో మెదడు ముందుభాగం, కణతల వైపు భాగం కృశించిపోతాయి. చాలామందిలో మతిమరుపుకన్నా ముందు మర్యాద పోతుంది. ఎదుటివాళ్ల బాధ తాకదు. తీపి మీద యావ పుడుతుంది. ఎక్కువగా 45, 65 ఏళ్ల మధ్య బయటపడుతుంది, నయంచేసే మందు లేదు. మా మరదలు బెల్లం బీరువాలో పెట్టి తాళం వేసేది. రాత్రిపూట మామ ఆ బీరువా ముందు నిలబడి, తలుపు అంచు గిల్లి, వేళ్లమధ్య నలిపేవాడట.

నా కథలో ఇడ్లీ నిజం, చీమలు నిజం, తిట్లు నిజం. నేను అతికించిన మదం ఒక్కటే పార.

అట్లాగని ఇకమీదట ప్రతి దుర్మార్గుడికీ స్కానింగ్ చేయించకు. అదీ పారే. ఫినియాస్ గేజ్ సంగతి చదివే ఉంటావు. 1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికినవాడు, తర్వాత మనిషే మారిపోయాడని చెప్పుకుంటారు. అతను ఆ తర్వాత చిలీలో ఏళ్లతరబడి గుర్రపుబండ్లు తోలి బతికాడన్న ముక్క మాత్రం చాలామంది చెప్పరు. కథకు అడ్డమొస్తుంది మరి.

ఇక జాతర ఘట్టం. మెదడు ముందుభాగాన్ని బ్రేకుతో పోలుస్తారు. జాతరప్పుడు ఊరంతా ఒప్పుకుని ఆ బ్రేకు మీద కాలు తీస్తుంది, వేషం కడుక్కున్నాక మళ్లీ వేస్తుంది. కడుక్కోవడానికి మామకు వేషం లేకపోయింది. నీ కుర్రాడికి ఉంది, కాబట్టి కడుక్కోనీ. అమిగ్డాలా వాక్యం కొట్టేయ్, దాని కింద వాడి బాల్యం గురించి రాసిన పేరా కూడా. సాయంత్రం నీళ్ల తొట్టి దగ్గర స్నేహితులు అడిగితే, ‘అమ్మకు మొక్కు ఉండె, తిట్టినా’ అని వాడి నోటితో చెప్పించు. చెవి వెనక కుంకుమ ఇంకా పోకుండా ఉండాలి.

చివరి పేజీలో తండ్రి గడప దగ్గర నిలబడి, కొడుకును చూసి, ఏమీ అనకుండా చెప్పులు సర్దుతాడు చూడు. ఎందుకో నువ్వు రాయలేదు. మరిచిపోయావో, కావాలనే వదిలేశావో నాకనవసరం. ఆ పేరా ముట్టుకోవద్దు.

తిరగరాసి పంపు. ఈసారి మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, నా పెన్సిలుకు చోటు చాలలేదు.

ఇట్లు,
మీ మామయ్య