అరసున్న ఎందుకు? ఇప్పుడూ రాయాలా?

సందేహం: మా తాతగారి పాత పుస్తకాల్లో వాఁడు, మూఁడు, ఏనుఁగు అని అక్షరం పక్కన అరచంద్రుడిలాంటి గుర్తు కనబడుతోంది. దాన్ని ఎలా పలకాలి? ఇప్పుడు మనం రాయకపోవడం తప్పా? — ఒక పాఠకురాలు

సమాధానం: అది అరసున్న. వ్యాకరణాల్లో ఖండబిందువు, అర్ధానుస్వారం అంటారు. పలకడం గురించి బెంగ అక్కర్లేదు. వాఁడు అని ఉన్నా వాడు అనే చదవండి. ముక్కుతో పలకబోతే వినేవాళ్లు జలుబు చేసిందనుకుంటారు!

ఇక అది ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు ఆ చోట నకారమో ణకారమో నిండుగా ఉండేది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన శాసనం సుమారు 575 నాటిది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. మనం రేనాడు అంటున్న ప్రాంతం పేరు అందులో 'రేనాణ్డు' అని ఉంది. 'మూఁడు' పక్కన తమిళ 'మూన్ఱు' పెట్టి చూడండి, జారిపోయిన నకారం కనిపిస్తుంది. సంవత్సరం అనే అర్థంలో 'ఏఁడు'కు అరసున్న ఉంది, తమిళంలో అది 'ఆండు'. అంకె 'ఏడు'కు అరసున్న లేదు, తమిళంలోనూ దానికి అనునాసికం లేదు.

శాసనాల దాకా పోకుండా కూడా దీన్ని పట్టుకోవచ్చు. తెలంగాణలో 'పదేండ్లయింది' అంటారు కదా, ఆ 'ఏండ్లు'లో సున్న నిక్షేపంగా వినబడుతోంది. 'వాండ్లు' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆడది పాత రాతలో 'ఆఁడుది', బహువచనం 'ఆండ్రు'. ఏకవచనంలో అరిగి సగమైంది, బహువచనంలో నిలబడింది. అయితే ఈ కిటుకు అన్నిచోట్లా పారదు. ఇల్లు-ఇండ్లు, ముల్లు-ముండ్లు అంటున్నాం గానీ ఇల్లుకీ ముల్లుకీ అరసున్న లేదు.

పద్యంలోకి వచ్చేసరికి మాత్రం అరసున్న తీసేయడానికి వీల్లేదు. అందరికీ నోటికి వచ్చిన పోతన కందంలో రెండో పాదం చూడండి:

పలికించు విభుండు రామభద్రుం డఁట నేఁ

'విభుండు'లో నిండుసున్న, 'డఁట'లో అరసున్న. నిండుసున్న ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది, అరసున్న చేయదు. కందంలో గణానికి నాలుగు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు). 'చు విభుం' సరిగ్గా నాలుగు. దాన్ని 'విభుఁడు' అని మారిస్తే 'చు విభుఁ' మూడే అవుతాయి. 'డఁట నేఁ' నాలుగు. అక్కడ 'డంట' అని నిండుసున్న కొడితే అయిదొస్తాయి. పాత పద్యాలను ఫోన్లలో టైపు చేసి పంచుకునేవాళ్లు అరసున్న కనిపించినచోటల్లా నిండుసున్న పెట్టేస్తున్నారు. నా మట్టుకు నాకు అసలు వదిలేయడం కన్నా ఇదే పెద్ద తప్పు. వదిలేస్తే గణం చెడదు, నిండుసున్న పెడితే చెడుతుంది. కవులు ఈ వెసులుబాటును బాగా వాడుకున్నారు. భగణం (గురువు, లఘువు, లఘువు) కావలసినచోట 'ఏనుఁగు', తగణం (గురువు, గురువు, లఘువు) కావలసినచోట 'ఏనుంగు'.

అదే పాదం చివర 'నేఁ' చూశారా? ఇది మరో రకం. మూడో పాదం 'బలికిన' అని మొదలవుతుంది. నేను + పలికిన కలిసి 'నేఁ బలికిన' అయింది. నకారం అరసున్నగా మిగిలింది, పకారం బకారమైంది. మాటలోనే పుట్టుకతో ఉన్నది సిద్ధం, ఇలా సంధిలో వచ్చేది సాధ్యం. ఇక్కడ 'నేం బలికిన' ఎందుకు కాకూడదంటే, దీర్ఘం మీద సాధ్యపూర్ణం, అంటే సంధిలో వచ్చే నిండుసున్న, లేదని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రమే ఉంది. హ్రస్వం మీదైతే 'వచ్చెఁగదా', 'వచ్చెంగదా' రెండూ సరే. అచ్చు వేసేటప్పుడు అరసున్న తీసేసి 'నే బలికిన' అంటే, పలకడం బలకడం ఎందుకైందో చదివే పిల్లలకు అంతుపట్టదు.

వచనంలో సంగతి వేరు. గిడుగు రామమూర్తి (1863–1940) ముందుండి నడిపిన వ్యావహారిక భాషోద్యమం తర్వాత వాడుక భాషలో అరసున్న పోయింది. పోవడం సబబే. పలుకుబడిలో లేని గుర్తును బడిపిల్లల చేత కంఠతా పట్టించి, మరిచిపోతే మార్కులు కోయడంలో అర్థం లేదు. పాలు 'కాఁచు'కు ఉంటుంది, రక్షించే 'కాచు'కు ఉండదు; 'వీఁడు' అంటే ఈ మనిషి, 'వీడు' అంటే విడిచిపెట్టు; ఇలాంటి జంటలు చెప్పి అర్థాలు కలిసిపోతాయని భయపెట్టేవారున్నారు. 'పాలు కాచి తాగు' అంటే పాలకు కాపలా కాయమని ఎవరూ అనుకోరు గదా.

కాబట్టి మీ ఉత్తరాల్లో, వ్యాసాల్లో రాయనక్కర్లేదు. పాత పద్యం ఎత్తి రాసేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏ మాటకు ఉందో తేల్చుకోవాలంటే బహుజనపల్లి సీతారామాచార్యుల నిఘంటువు శబ్దరత్నాకరం (1885) తిరగేయండి. కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవారు సున్న మీటనే షిఫ్టుతో నొక్కితే అరసున్న పడుతుంది.