గ్రౌండ్ మరీ గట్టిగా ఉందో లేదో తెలుసుకునేదెలా?

మీ అబ్బాయి ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి వెళ్తున్నాడు, మోకాలి కింద ఎముక నొప్పంటున్నాడు, గ్రౌండ్ గట్టిదనాన్ని కొలవొచ్చా అని అడిగారు. కొలవొచ్చు. నేనూ ఆ నొప్పి పడ్డవాడినే.

వైజాగ్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఒక ఎర్రమట్టి గ్రౌండ్‌లో ఆడేవాళ్లం. వానాకాలంలో బాగానే ఉండేది. మార్చి దాటితే గోల్‌పోస్టు ముందు గడ్డి పోయి సిమెంటు గచ్చులా తయారయ్యేది. నేను గోల్‌కీపర్ని, రోజంతా అక్కడే ఎగరడం, పడడం. ఏప్రిల్‌కల్లా హాస్టల్ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

కొలిచే పరికరం పేరు క్లెగ్ హ్యామర్. రోడ్డు కింద మట్టి ఎంత గట్టిపడిందో చూడ్డానికి ఆస్ట్రేలియాలో బేడెన్ క్లెగ్ 1970ల్లో తయారు చేశాడు, తర్వాత ఆట స్థలాలకీ వాడారు. గొట్టంలోంచి 2.25 కిలోల గుండుని సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. నేల తగిలి అది ఎంత హఠాత్తుగా ఆగితే అంకె అంత పెద్దది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానాల్లో ఆ అంకె 100 లోపే ఉండాలి. సింథటిక్ రన్నింగ్ ట్రాకులకి లెక్క వేరు: కాంక్రీటుతో పోలిస్తే దెబ్బని 35 నుంచి 50 శాతం తగ్గించాలి.

ఆ మెషిన్ మనకెక్కడ దొరుకుతుంది! నేను పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి అరచేత్తో నొక్కి చూశాను. గోల్ ముందు గోరంత దిగి ఆగిపోయింది. కుళాయి కారే మూల పిడి దాకా దిగింది. ఒకే గ్రౌండ్, మధ్య నలభై అడుగులు కూడా లేవు. అందుకే ఒక్కచోట చూసి తేల్చేయకండి. గోల్ ముందు, సెంటర్లో, అంచుల్లో, నీళ్లు కొట్టకముందు, కొట్టాక కూడా చూడండి.

"బీచ్ ఇసుకలో పరిగెత్తు, తగ్గిపోతుంది" అని మీకూ అందరూ చెప్తారు. నేనూ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. ఇసుకలో పరుగుకి గట్టి నేల మీదకన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి కావాలి. ఎముక నొప్పి తగ్గింది గానీ పదో రోజుకి మడమ పైన నరం పట్టేసింది. పోనీ అల తడిపిన అంచున పరిగెడదామంటే అదేమో వాలు, ఒక కాలు ఎప్పుడూ కిందే.

కోచ్‌తో మాట్లాడి ముందురోజు సాయంత్రం గోల్ ముందు నీళ్లు పట్టించండి. పొద్దున్నే కొడితే పైపైన జారుడే మిగులుతుంది. బాబు ఎముక మీద ఒక వేలితో నొక్కి చూడండి. ఒకేచోట చురుక్కుమంటే ఆట ఆపించి, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి.