చలిగాలికి ఛాతీ పట్టేస్తుంటే చూడాల్సింది స్వెటర్ కాదు

ప్రశ్న: నా వయసు 57. రోజూ ఉదయం 5.30కు వడ్డేపల్లి చెరువు కట్ట మీద 40 నిమిషాలు నడుస్తాను. నీళ్ల మీది నుంచి వచ్చే గాలికి వణుకు పుడుతోంది. రెండు బనియన్లు, వాటిపైన మందపాటి స్వెటర్ వేసుకుంటే సగం దూరానికే చెమట పట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఆ తడికి ఇంకా చలి వేస్తోంది. ఏ బట్టలు, ఎన్ని పొరలు వేసుకోవాలి? ఆరేళ్లుగా బీపీ మందు వాడుతున్నాను. ఎదురుగాలిలో నడిచేటప్పుడు ఛాతీ కొంచెం పట్టేసినట్లయి, ఆగితే తగ్గుతుంది. దానికి గ్యాస్ గోలీ వేసుకుంటున్నాను.
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీరు బట్టల గురించి అడిగారు కానీ, ముందు మీ ఛాతీ సంగతి చూడాలి. నడుస్తుంటే పట్టేసి, ఆగితే తగ్గే ఛాతీ బిగువును, అందులోనూ బీపీ ఉన్న 57 ఏళ్ల మనిషిలో, కాదని పరీక్షల్లో తేలేదాకా గుండెకు సంబంధించినదిగానే భావించాలి. మిమ్మల్ని చూడకుండా అది ఆంజైనా (గుండె కండరానికి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) అని నేను రాయలేను. కాదని అసలే రాయలేను. చలిగాలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోయడానికి గుండెకు మరింత ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. గుండెకు రక్తాన్ని అందించే కరోనరీ నాళాల్లో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే అవి అంత రక్తాన్ని అందించలేవు. ఎండాకాలంలో అదే కట్ట మీద అదే వేగంతో నడిచి ఏమీ కానివారికి పుష్యమాసంలో ఛాతీ పట్టేయడానికి కారణం తరచుగా ఇదే.

గ్యాస్ గోలీ విషయంలో కొంచెం కోప్పడక తప్పదు. అది కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుందే తప్ప పూడుకున్న నాళాన్ని తెరవదు. మీరు ఆగినందువల్ల తగ్గిన బిగువును గోలీ తగ్గించిందనుకోవడంలోనే ప్రమాదం ఉంది. అసిడిటీ మంట సాధారణంగా తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. నడకతో మొదలై, నిలబడగానే పోవడం దాని లక్షణం కాదు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గరే నెలలు గడిపి, చివరకు ఒక తెల్లవారుజామున స్ట్రెచర్ మీద వచ్చేవారిని ప్రతి చలికాలం చూస్తున్నాను.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను గానీ, గుండె వైద్యుణ్ణి గానీ కలవండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన ఆంజైనా లేదని చెప్పలేము. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) వంటివి అవసరమా అన్నది పరీక్షించిన వైద్యుడు నిర్ణయించాలి. హెల్త్ చెకప్ ప్యాకేజీ చూసి మీ అంతట మీరు ట్రెడ్‌మిల్ ఎక్కకండి. ఈలోగా కూర్చున్నప్పుడు కూడా బిగువు వచ్చినా, ఆగిన తరువాత పది నిమిషాలకూ తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి తోడైనా వెంటనే 108కు ఫోన్ చేయండి. బండి మీద మీరే ఆసుపత్రికి బయలుదేరకండి.

ఇక బట్టలు. ఒంటికీ బట్టకూ మధ్య నిలిచే గాలే మనకు వెచ్చదనాన్ని ఇస్తుంది. చెరువు మీద అడ్డుగా చెట్లు, ఇళ్లు ఉండవు కనుక గాలి నేరుగా వచ్చి ఆ వెచ్చని గాలిని ఊడ్చుకుపోతుంది. మీ విషయంలో తప్పంతా ఆ రెండు నూలు బనియన్లదే: నూలు చెమటను పీల్చుకుని, ఆరకుండా ఒంటికి అంటుకుని ఉంటుంది. లోపల త్వరగా ఆరిపోయే పలుచని స్పోర్ట్స్ టీషర్టు, దానిపైన వదులైన ఉన్ని స్వెటర్, అన్నిటికీ పైన జిప్పున్న విండ్‌చీటర్ చాలు. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలిగా అనిపించాలి. ఒళ్లు వేడెక్కగానే, చెమట పట్టకముందే జిప్పు తీయాలి. మఫ్లర్‌ను ముక్కుకూ నోటికీ అడ్డంగా చుట్టుకుంటే పీల్చే గాలి కొంత వెచ్చబడుతుంది, ఉబ్బసం ఉన్నవారికీ ఇది మేలు. మంకీ క్యాప్ నిక్షేపంగా పెట్టుకోండి, అయితే ఒంటి వేడంతా తల నుంచే పోతుందన్నది మాత్రం అతిశయోక్తి. తల నుంచి పోయేది సుమారు పదో వంతు.

అయితే ఈ బట్టలన్నీ పరీక్షలు పూర్తయి, వైద్యుడు నడవమన్న తరువాతి మాట. అప్పటిదాకా కట్ట మీదికి వెళ్లకండి. ఎండ వచ్చాక, గాలి తగలని మీ వీధిలోనే ఆయాసం రానంత నెమ్మదిగా నాలుగడుగులు వేయండి, అదీ బిగువు రాకపోతేనే.

మీ బీపీ మందు పేరు రాయలేదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి వాటితో కొందరికి చేతివేళ్లు చల్లబడతాయి. అంత మాత్రాన మానేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఆంజైనా ముదరవచ్చు. జలుబు చేసిందని ఫినైలెఫ్రిన్ కలిసిన గోలీలు కొని వేసుకోకండి, వాటితో బీపీ పెరిగే అవకాశం ఉంది. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీల షీట్లన్నీ, ఆ గ్యాస్ గోలీతో సహా, వెంట తీసుకెళ్లండి.